హైదరాబాద్ ఆసిఫ్... కెంట్ నుంచి షార్జా దాకా

అబిడ్స్, నాంపల్లి పెద్దవాళ్ల దగ్గర ఫతే మైదాన్ మాట ఎత్తితే గులాం అహ్మద్ పేరు వస్తుంది. ఆయన దగ్గరి బంధువు ఆసిఫ్ ఇక్బాల్ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలీదు.

1943లో హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడి జట్టుకే రంజీ ఆడిన ఆసిఫ్ 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1964లో టెస్టుల్లోకి వచ్చింది బౌలర్‌గా, బ్యాటింగ్‌లో పదో నంబర్. 1967లో ఓవల్‌లో 65కే 8 వికెట్లు పడ్డాక 146 కొట్టారు. మ్యాచ్ పోయింది గానీ ఆయన దశ తిరిగింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీకి చేరి, 1982 దాకా ఆడారు. మధ్యలో 1979-80లో పాకిస్తాన్ కెప్టెన్‌గా భారత్ వచ్చారు. ఆరు టెస్టుల్లో ఒక్కటీ హైదరాబాద్‌లో పడలేదు! కలకత్తాలో ఆడిందే ఆయన ఆఖరి టెస్టు.

అసలు సంగతి డబ్బుది. అప్పట్లో ఇక్కడైనా, పాకిస్తాన్‌లోనైనా ఆట మానేస్తే చేతిలో పెద్దగా మిగిలేది కాదు. ఇంగ్లండ్ కౌంటీల్లో మాత్రం ఏళ్లతరబడి ఆడినవాళ్లకు 'బెనిఫిట్' ఇచ్చేవారు: వాళ్ల పేరిట మ్యాచ్‌లు పెట్టి, విరాళాలు వసూలు చేసి, ఆ సొమ్ము వాళ్లకే. మన నౌకరీల్లో గ్రాట్యుటీ లాంటిదనుకోండి.

1981లో షార్జాలో మ్యాచ్‌లు మొదలైనప్పుడు, అక్కడి వ్యాపారి అబ్దుల్ రహ్మాన్ బుఖాతిర్‌తో కలిసి ఆసిఫ్ ఈ పద్ధతే నడిపారు. భారత్, పాకిస్తాన్ రెండు దేశాల ఆటగాళ్లకూ అక్కడ పర్సులు అందాయి.