ఎడారి దారిలో పసుపు దీపం

మస్కట్ నుండి సలాలాకు పోయే దారి సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆదం దాటిన తరువాత హైమా, ఆపైన తుమ్రైత్. మధ్యలో కంటికి ఆనేదంతా ఇసుక, రాతినేల. ఖరీఫ్ నెలలలో సలాలా పచ్చదనం చూడటానికి కుటుంబ సమేతంగా ఆ దారిన వెళ్ళిన పాఠకులకు రోడ్డు వారగా ఆగి ఉన్న పెద్ద ట్రైలర్లు పరిచితమే. కొన్నిటికి చక్రాలు కదలవు, ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతూ ఉంటుంది. డ్రైవరు కిందికి దిగి దూరంగా నిలబడి ఉంటాడు. చూసేవారు చెడిపోయిన బండి అనుకుంటారు. అది తన కడుపులోని మసిని తానే కాల్చుకుంటున్న బండి కావచ్చు.

ఒమన్‌లో లారీలు నడిపేవారిలో, గ్యారేజీలలో పనిచేసేవారిలో, రవాణా కంపెనీల లెక్కలు చూసేవారిలో మన తెలుగువారు ఉన్నారు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి, ఇంజను బలం తగ్గి, సరుకు ఆలస్యమయితే ముందుగా మాట పడేది డ్రైవరే. తప్పు అతనిదో కాదో యంత్రాన్ని అడిగితే యంత్రమే చెబుతుంది. అయితే, ఏ ప్రశ్న ముందు అడగాలో తెలియాలి.

డీజిలు ఇంజనులో గాలిని బాగా నొక్కి వేడెక్కించి, అందులోకి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్ముతారు. తుంపర గాలితో పూర్తిగా కలిసేలోపే అంటుకుంటుంది కనుక కొంత భాగానికి ప్రాణవాయువు చాలక మసి అవుతుంది. మంట బాగా వేడిగా ఉన్నచోట గాలిలోని నత్రజని కూడా మండి నత్రజని ఆక్సైడులు పుడతాయి. డీజిలు పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించింది. ఐరోపాలో 1992 నాటి మొదటి ప్రమాణం ప్రకారం పెద్ద లారీ ఇంజను ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్-గంట శక్తికి 0.36 గ్రాముల మసిరేణువులను విడువవచ్చు. 2013 నాటి ఆరవ ప్రమాణంలో ఆ హద్దు 0.01 గ్రాము. మన దేశంలో దానికి దీటైన బి.ఎస్.-6 ప్రమాణం 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. కనుక ఇక్కడ చెప్పుకునే చిక్కులు సోహార్ రేవు దగ్గరే కాదు, విజయవాడ ఆటోనగర్‌లోనూ వినిపించేవే.

ఇంత తగ్గించడం ఇంజను ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అందుకే పొగ వెళ్ళే దారిలో డి.పి.ఎఫ్. అనే మసి జల్లెడను పెట్టారు. అది పింగాణీ వంటి పదార్థంతో చేసిన తేనెపట్టు. దాని గదులు ఒకటి ముందువైపు, పక్కది వెనుకవైపు మూసి ఉంటాయి. అందువల్ల పొగ గోడల గుండా దూరి పోవలసిందే. మసి గోడ మీద నిలిచిపోతుంది. నిలిచిన మసిని ఎప్పటికప్పుడు వదిలించుకోవాలి. ఆ ప్రక్రియనే రీజెనరేషన్ అంటారు.

మామూలుగా మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. బరువుతో ఏకధాటిగా పోయే లారీ పొగలో అంత వేడి ఉండదు గాని, జల్లెడకు ముందున్న ప్లాటినం ఉత్ప్రేరకం తయారుచేసే నైట్రోజన్ డయాక్సైడు 250 నుండి 400 డిగ్రీల దగ్గరే మసిని మెల్లగా తినివేస్తుంది. హైమా దారిలో నిండు బరువుతో సాగే లారీకి ఈ పని తెలియకుండానే జరిగిపోతుంది. అది చాలనప్పుడు కంప్యూటరు కొంత డీజిలును అదనంగా పొగలోకి వదిలి, ఉత్ప్రేరకం మీద మండించి, వేడిని 600 వరకు లేపుతుంది. దానికీ వీలుచిక్కకపోతే బండిని ఆపి అరగంటో ముప్పావు గంటో కాల్చవలసి వస్తుంది. మనం రోడ్డు వారన చూసిన దృశ్యం అదే.

ఇక దీపం వెలిగింది. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, కంప్యూటరు తగిలించి, పదే పదే బలవంతపు రీజెనరేషన్ చేయించి, అయినా తగ్గకపోతే జల్లెడ మార్చమంటారు. నా దృష్టిలో ఇది వరద వచ్చినప్పుడల్లా తూముని తిట్టడం వంటిది. జల్లెడ తనంతట తాను మసిని పుట్టించదు. పైగా మసి మరీ ఎక్కువగా నిండిన జల్లెడను తొందరపడి కాలిస్తే మంట అదుపు తప్పి, వేడి వెయ్యి డిగ్రీలు దాటి పింగాణీ పగలవచ్చు, కరగనూవచ్చు.

మంచి మెకానిక్కు ముందుగా కొలిచే పరికరాన్నే అనుమానిస్తాడు. జల్లెడకు ముందు, వెనుక ఉండే పీడనాల తేడాను ఒక సెన్సారు చూస్తుంది. ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పినప్పుడు ఆ తేడా సున్న ఉండాలి. లేకపోతే దోషం సెన్సారుది. దానికి వెళ్ళే రెండు సన్నగొట్టాలు వేడికి చిట్లినా, పూడుకుపోయినా లెక్క తప్పుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో, తెల్లవారి ఇంజను తిప్పకముందు, పొగదారిలోని ఉష్ణోగ్రత సెన్సారులన్నీ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి వేరుగా పాడితే అదే అబద్ధాలకోరు. ఈ రెండు పరీక్షలకూ ఖర్చు లేదు.

తరువాత రీజెనరేషన్ జరుగుతున్నప్పుడు గమనించాలి. డీజిలు చిమ్ముతున్నా ఉత్ప్రేరకం వెనుక వేడి పెరగకపోతే, చిమ్మే నాళం పూడిందా, ఉత్ప్రేరకం మీద మసో నూనో గంధకమో పేరుకుందా అని చూడాలి. వేడి చక్కగా పెరిగి, మసి కాలి, అయినా పీడనం తేడా దిగకపోతే అది బూడిద. మసి కాలుతుంది, బూడిద కాలదు. మన అమ్మమ్మలు పొయ్యిలో నుండి రోజూ తీసి పారబోసినట్లే దానిని తీయించవలసిందే. ఈ బూడిద చాలావరకు ఇంజను నూనెలోని లోహపు లవణాల నుండి వస్తుంది. అందువల్లనే ఈ బండ్లకు తక్కువ బూడిద ఇచ్చే నూనెనే వాడమంటారు.

మసే త్వరత్వరగా నిండుతూ ఉంటే జల్లెడను వదిలి ఇంజను దగ్గరకు వెళ్ళాలి. దుమ్ముతో మూసుకుపోయిన గాలి ఫిల్టరు, టర్బో తరువాతి గొట్టంలో చిన్న చీలిక, కారుతున్న ఇంజెక్టరు, వీటిలో ఏది ఉన్నా మసి పెరుగుతుంది. సిలిండరులోనే అదనపు డీజిలు చిమ్మే ఇంజనులలో, రీజెనరేషన్లు మధ్యలో ఆగిపోతూ ఉంటే ఆ డీజిలు గోడల వెంట జారి ఇంజను నూనెలో కలుస్తుంది. డిప్‌స్టిక్కు మీద నూనె మట్టం తగ్గడం చూశాం గాని, పెరగడం ఏమిటని సంతోషించరాదు.

ఒమన్‌కు ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో క్యాబిన్‌లో నిద్రపోవాలంటే ఏ.సి. కావాలి, ఏ.సి. కోసం ఇంజను గంటల తరబడి ఊరికే తిరగాలి. అలా తిరిగే ఇంజను పొగలో మసిని కాల్చే వేడి ఉండదు. దీనికి డ్రైవరును తిట్టి లాభం లేదు. ఇంజనుతో పనిలేని చల్లదనపు ఏర్పాటు యజమాని చేయవలసినది. ఇక చమురు క్షేత్రాలకు పోయే ట్యాంకర్లు. మండే వాయువులున్నచోట రీజెనరేషన్ జరగకుండా ఆపే స్విచ్చు ఒకటి ఈ బండ్లలో ఉంటుంది. గేటు దగ్గర దానిని నొక్కడం నియమం. బయటికి వచ్చిన తరువాత తిరిగి విడువడం మరచిపోతే, రెండు మూడు రోజులలో దీపం వెలుగుతుంది. పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ స్విచ్చు వైపు ఒక్కసారి చూసినవాడు పూటపని మిగుల్చుకుంటాడు.

నత్రజని ఆక్సైడుల కోసం వాడే యాడ్‌బ్లూ సంగతి కొంత మన ఇంటి సంగతి. అది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీరు. మన ఇఫ్కో, క్రిభ్కో సంస్థలు భాగస్వాములుగా ఒమన్‌లోని సూర్ పట్టణంలో వెలసిన కర్మాగారం నుండి యూరియా భారతదేశపు పొలాలకు వెళ్ళింది. అదే యూరియా కదా అని పొలపు బస్తాను నీళ్ళలో కలిపి ట్యాంకులో పోయరాదు. ఎరువులోని బైయురెట్, పైపూత, లోహపు మలినాలు నాళాలను పూడ్చి ఉత్ప్రేరకాన్ని చంపుతాయి. మన దేశంలోనైతే 2015 నుండి వేపపూత కూడా తోడయింది. మంచి యాడ్‌బ్లూ సైతం వేడికి ఓర్వదు. 30 డిగ్రీలలో ఏడాది నిలిచేది 35 డిగ్రీలలో ఆరు నెలలే నిలుస్తుంది. 2018 జూన్ 26న ఖురియాత్‌లో రాత్రి కూడా వేడి 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదంటే, అక్కడ ఆరుబయట పెట్టిన డబ్బా గతి ఊహించుకోవచ్చు. సాంద్రతను చూపే చిన్న రిఫ్రాక్టోమీటరుతో ఒక్క చుక్కను పరీక్షిస్తే, ఖరీదైన సెన్సారును మార్చే ముందే గుట్టు తెలుస్తుంది.

విసిగిపోయిన కొందరు జల్లెడ లోపలిభాగాన్ని కోసి పారేసి, కంప్యూటరును ఏమార్చి బండి నడుపుతారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, మసి పుట్టించే అసలు దోషం ఇంజనులో అలాగే ఉండి పెరుగుతుంది; ఆ మసి రువీలోనో ఘలాలోనో మేడ మీద ఆడుకునే పిల్లల ఊపిరితిత్తులకు చేరుతుంది. సెకండ్‌హ్యాండ్ లారీ కొనే మిత్రులు దీనిని కనిపెట్టడం సులువే. ఇంజను ఆపి పూర్తిగా చల్లారిన తరువాత పొగగొట్టం లోపలి అంచును తెల్లని గుడ్డతో తుడవండి. జల్లెడ సవ్యంగా ఉన్న బండిలో గుడ్డ ఇంచుమించు తెల్లగానే వస్తుంది. నల్లగా వస్తే జల్లెడ పగిలి ఉండాలి, లేదా అసలు లేకనైనా పోవాలి.