నీలకురింజి

‘నీలగిరి’ అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది పొడవాటి చెట్టు, జలుబుకు వాడే తైలం. నిజానికి ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. నీలగిరి కొండలలో విరివిగా నాటడం వల్ల దానికి ఆ పేరు అంటుకుంది. కాగా, ఆ కొండలకే ఆ పేరు రావడానికి కారణం అక్కడ స్వతస్సిద్ధంగా పెరిగే ఒక చిన్న పొద అని చెబుతారు. అదే నీలకురింజి.

పడమటి కనుమలలో సుమారు 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తున ఇది కనబడుతుంది. తమిళనాడులోని నీలగిరులు, కొడైకెనాల్ కొండలు, కేరళలోని మున్నారు ప్రాంతం దీనికి నెలవులు. అక్కడ కొండల మడతలలో, నీటి ఊటల వెంబడి ‘షోలా’లనే దట్టమైన అడవులు ఉంటాయి. వాటి చుట్టూ గడ్డి వాలులు. ఆ అడవి అంచులలో, గడ్డి నడుమ, మోకాలెత్తున కురింజి పెరుగుతుంది.

అక్కడి నేల ప్రత్యేకమైనది. ఏటేటా కురిసే భారీ వర్షాలు మట్టిలోని సున్నాన్నీ, ఇతర లవణాలనూ కడిగివేస్తాయి. చలి వల్ల రాలిన ఆకు, ఎండిన గడ్డి నెమ్మదిగా కుళ్లుతూ ఆమ్లాలను విడుస్తాయి. అందుచేత ఆ నేలకు ఆమ్ల గుణం ఎక్కువ. ఉదజని సూచిక 7 కంటే ఎంత తగ్గితే నేలలో ఆమ్లత్వం అంత ఎక్కువన్నమాట. మైదానాలలో ఇటువంటి నేలకు రైతు సున్నం వేసి గాని చాలా పంటలు పండించలేడు. కురింజికి మాత్రం అదే అచ్చివచ్చిన నేల.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. తేయాకుకు కావలసిందీ అటువంటి నేలే. 4.5 నుంచి 5.5 వరకు సూచిక ఉన్న మట్టిలో అది ఏపుగా పెరుగుతుంది. 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు ఈ గడ్డి వాలులను వట్టి బంజరులుగా ఎంచి తేయాకు తోటలు వేయించారు. వంటచెరకు కోసం నీలగిరి చెట్లు, తోలు ఊనడానికి పనికివచ్చే బెరడు కోసం వాటిల్ చెట్లు నాటించారు. ఇలా కురింజి తావు ఏటికేడు కుంచించుకుపోయింది.

ఈ మొక్క పన్నెండేళ్లకు ఒక్కసారే పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది, మళ్లీ 2030లో పూయవలసి ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వాలులన్నీ ఊదా కలిసిన నీలిరంగు పులుముకుంటాయి. తేనెటీగలకు పండుగే. తరువాత గింజ కట్టి, పొద ఎండి చచ్చిపోతుంది. లక్షల మొక్కలు ఒక్కసారే గింజలు రాల్చడం వల్ల పురుగులు, పక్షులు ఎన్ని తిన్నా కొన్ని మిగిలి మొలకెత్తుతాయి. పళియర్లు అనే గిరిజనులు తమ వయస్సును కురింజి పూతలతో లెక్కించేవారట. ప్రాచీన తమిళ సంగ సాహిత్యం పర్వత ప్రాంతాన్ని ‘కురింజి’ అనే పేరుతోనే వ్యవహరించింది.

2018లో చూడవచ్చినవారు పూలు కోయకుండా ప్రభుత్వాలు ఆంక్షలు విధించాయి. గింజ కట్టకముందే కోసిన కొమ్మ వల్ల తరువాతి తరానికి అంతమేరా విత్తనం లేనట్టే కదా! 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని ముప్పుకు లోనైన జాతిగా ప్రకటించింది.

2018లో రాలిన గింజల నుంచి మొలిచిన పొదలు ఆ వాలులలో ఒక్క పువ్వైనా లేకుండా పెరుగుతున్నాయి. తెలియనివారి కంటికి అవి నరికి పారవేయదగిన పిచ్చిమొక్కలు.