జర్మనీలో నివాస కార్డు: దరఖాస్తు నుంచి చేతికందే దాకా

జర్మనీలో 90 రోజులకు మించి ఉండదలచిన భారతీయులు ముందుగా స్వదేశంలోనే జాతీయ వీసా తీసుకోవాలి. చదువు, ఉద్యోగం, భార్య లేదా భర్త దగ్గరికి వెళ్లడం... ఏ పని మీద వెళ్తున్నారో ఆ వీసాలోనే రాసి ఉంటుంది. దానికి గడువు కొన్ని నెలలే, మహా అయితే ఏడాది. ఆ గడువు తీరేలోగా అక్కడి అధికారుల దగ్గర నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. అనుమతి మంజూరైందనడానికి రుజువుగా ఇచ్చేదే నివాస కార్డు. ఒకప్పుడు పాస్‌పోర్టులో స్టిక్కరు అతికించేవారు. 2011 సెప్టెంబరు 1 నుంచి ఏటీఎం కార్డు సైజులో చిప్ ఉన్న కార్డు ఇస్తున్నారు. ఆ చిప్‌లో ఫొటో, రెండు వేలిముద్రలు ఉంటాయి. ఏ ఊళ్లో దరఖాస్తు చేసినా కార్డు ముద్రించేది మాత్రం బెర్లిన్‌లోని సమాఖ్య ముద్రణాలయమే.

ఈ వ్యవహారమంతా 2005 జనవరి 1న అమల్లోకి వచ్చిన నివాస చట్టం కింద నడుస్తుంది. చట్టం దేశమంతటికీ ఒకటే. అమలు చేసే విదేశీయుల కార్యాలయాలు మాత్రం ఐదు వందలకు పైగా ఉన్నాయి. జర్మన్‌లో వీటిని ఔస్‌లెండర్‌బెహోర్డె అంటారు. నగరానికొకటి, జిల్లాకొకటి చొప్పున స్థానిక పాలన కిందే ఇవి పనిచేస్తాయి. బెర్లిన్‌లో 2020లో ఈ కార్యాలయాన్ని వలసల శాఖగా మార్చారు. ఒక కార్యాలయం ఆన్‌లైన్‌లో దరఖాస్తు తీసుకుంటుంది, మరొకటి ఈమెయిల్ పంపమంటుంది, ఇంకొకటి కాగితాలు పోస్టులో కావాలంటుంది. అందుకే మ్యూనిక్‌లో ఉన్న స్నేహితుడికి అచ్చొచ్చిన పద్ధతి డ్రెస్డెన్‌లో పనికిరాకపోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల కంటే తానుంటున్న ఊరి కార్యాలయం ఇచ్చిన జాబితానే ప్రమాణంగా తీసుకోవాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది చిరునామా నమోదు. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు, మనవాళ్లు సిటీ రిజిస్ట్రేషన్ అంటుంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా పౌర కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. అద్దె ఒప్పందం ఒక్కటీ చూపిస్తే సరిపోదు. ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగారని ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. గది చవకగా ఇస్తాం కానీ రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోం అనే వాళ్లు పెద్ద నగరాల్లో తగులుతుంటారు. కొత్తగా వెళ్లిన విద్యార్థులు తొందరలో అలాంటి గదికి ఒప్పుకుంటే తర్వాతి పనులన్నీ ఆగిపోతాయి. నమోదు పత్రం లేకుండా నివాస అనుమతికి దరఖాస్తు ముందుకు కదలదు. జీతం మీద పన్ను లెక్కకట్టడానికి వాడే 11 అంకెల పన్ను సంఖ్య కూడా ఆ నమోదు తర్వాతే పోస్టులో వస్తుంది.

పోస్టు అన్న మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం చెప్పుకోవాలి. జర్మనీలో ఉత్తరాల పంపిణీ తలుపు నంబరును బట్టి కాక, పోస్టు డబ్బా మీద రాసిన పేరును బట్టి జరుగుతుంది. అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లే ఉండకపోవచ్చు. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. అపాయింట్‌మెంట్ లేఖ, ఆరోగ్య బీమా కార్డు, నివాస కార్డును ఆన్‌లైన్‌లో వాడుకోవడానికి ఇచ్చే పిన్ నంబరు ఇలాగే వస్తాయి. అందరితో కలిసి ఉండే ఇంట్లో దిగినా సరే, మొదటి రోజే డబ్బా మీద తన పేరు కూడా అతికించుకోవడం తెలివైన పని.

పేర్ల దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఓ చిక్కుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒక్కచోటే ఉంటుంది. పెళ్లయ్యాక భార్య పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా మారుతుంది. జర్మన్ అధికారులకు పాస్‌పోర్టే ప్రామాణికం. అందులో ఎలా ఉంటే కార్డు మీదా, బ్యాంకులోనూ, బీమాలోనూ అలాగే ఎక్కుతుంది. ఈ తేడాలన్నీ బయల్దేరక ముందే పాస్‌పోర్టు కార్యాలయంలో సరిచేయించుకుంటే మంచిది. అక్కడికి వెళ్లాక కార్డు మీద పడ్డ పేరు మార్చడం చాలా కష్టం.

దరఖాస్తుతో జతచేసే కాగితాల్లో కొన్ని అందరికీ ఒకటే: నింపిన ఫారం, పాస్‌పోర్టు, చిరునామా నమోదు పత్రం, అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా రుజువు, బయోమెట్రిక్ ఫొటో. ఫొటో విషయంలో 2025 మే 1 నుంచి నిబంధన మారింది. కాగితం ఫొటోలకు కాలం చెల్లింది. గుర్తింపు పొందిన స్టూడియోలో గానీ, కార్యాలయంలో ఉన్న యంత్రం దగ్గర గానీ తీసి నేరుగా డిజిటల్ రూపంలో పంపాలి. ప్రయాణ బీమా నివాస అనుమతికి చెల్లదు. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా గానీ, దానికి సమానమైన ప్రైవేటు బీమా గానీ ఉండాలి.

మిగతావి వెళ్లిన పనిని బట్టి ఉంటాయి. విద్యార్థులు తమ ఖర్చులు తామే భరించగలమని చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904 యూరోలు. ఎక్కువమంది ఈ సొమ్మును బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపుతారు. అందులోంచి నెలకు నిర్ణీత మొత్తమే చేతికొస్తుంది. అనుమతి పొడిగించుకునే ప్రతిసారీ మళ్లీ రుజువు చూపాలి కాబట్టి తొలి ఏడాది డబ్బుతో బాధ్యత తీరిపోదు. ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఉద్యోగులకు డిగ్రీ గుర్తింపే ప్రధానం. జర్మనీ నడిపే అనాబిన్ అనే డేటాబేస్‌లో విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందని చెప్పే హెచ్ ప్లస్ హోదా, డిగ్రీకి సమానత్వ సూచన ఉన్నాయో లేదో చూస్తారు. లేకపోతే సంబంధిత కేంద్ర కార్యాలయం నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి. అధిక నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే ప్రత్యేక నివాస అనుమతి అయిన బ్లూ కార్డు కావాలంటే జీతం పరిమితి కూడా దాటాలి. 2025లో ఆ పరిమితి ఏడాదికి 48,300 యూరోలుగా ఉండేది. వైద్యులు, ఇంజినీర్లు, ఐటీ నిపుణుల వంటి కొరత వృత్తుల వారికి 43,759.80 యూరోలు. పింఛను చందా గరిష్ఠ పరిమితిని బట్టి ఈ అంకెలు ఏటా మారతాయి. డిగ్రీ లేకున్నా గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు ఐటీలో తగిన స్థాయి అనుభవం ఉన్నవారికి 2023 నవంబరు నుంచి బ్లూ కార్డు దారి తెరుచుకుంది.

భార్యాభర్తల విషయానికొస్తే వివాహ ధ్రువపత్రమే కీలకం. పత్రాల ధ్రువీకరణకు సంబంధించిన హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది. అందువల్ల మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఒక్కదానితో జర్మనీలో పని జరగదు. అనుమానం వస్తే పత్రాన్ని మూలాల దాకా వెళ్లి తనిఖీ చేయిస్తారు, దానికి నెలలు పట్టవచ్చు. తెలుగులో ఉన్న జనన, వివాహ పత్రాలను ప్రమాణం చేసిన అనువాదకుడి చేత జర్మన్‌లోకి చేయించాలి. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామి ముందుగా జర్మన్ భాష పరీక్ష పాసవ్వనక్కర్లేదు. అక్కడికి చేరాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు.

కాగితాలన్నీ కూడినా అపాయింట్‌మెంట్ దొరకడం అసలు పరీక్ష. పెద్ద నగరాల్లో నెలల తరబడి ఖాళీలు కనిపించవు. ఇక్కడే చాలామంది భయపడతారు. వీసా రేపు ముగుస్తుంది, అపాయింట్‌మెంట్ మూడు నెలల తర్వాత ఉంది, మరి ఆ మధ్యకాలంలో అక్రమంగా ఉన్నట్టేనా? కానే కాదు. నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం గడువు తీరేలోగా దరఖాస్తు పెట్టుకుంటే, నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతి కొనసాగుతున్నట్టే లెక్క. అంతవరకు ఉన్న పని హక్కు కూడా కొనసాగుతుంది. ఇందుకు రుజువుగా 13 యూరోలకు ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు, దాని పేరు ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్. ఈ రక్షణంతా దరఖాస్తు తేదీ మీదే ఆధారపడింది. అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూస్తూ దరఖాస్తే పంపకుండా కూర్చోవడం మనవాళ్లు చేసే తప్పుల్లోకెల్లా ప్రమాదకరమైనది. ఆన్‌లైన్‌లో పంపిన రసీదు, ఈమెయిల్ నకలు, రిజిస్టర్డ్ పోస్టు చీటీ జాగ్రత్తగా దాచుకోవాలి. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ పర్యాటక వీసా మీద వెళ్లినవారికి ఈ రక్షణ వర్తించదు.

తాత్కాలిక పత్రంలో ఏ గడిలో టిక్ పెట్టారో చూసుకోవాలి. నాలుగో ఉపవిభాగం కింద ఇచ్చినదైతే పాస్‌పోర్టుతో పాటు చూపి ఇండియాకు వచ్చి తిరిగి వెళ్లవచ్చు. మూడో ఉపవిభాగం కింద ఇచ్చినదైతే దేశం దాటితే ఆ పత్రంతో తిరిగి రానివ్వరు. ఇంటి దగ్గర పెళ్లి ఉందనో, పెద్దవాళ్లకు బాగాలేదనో హడావిడిగా టికెట్ కొనేముందు ఈ ఒక్కటీ చూసుకోవాలి. దరఖాస్తు మీద మూడు నెలలైనా సరైన కారణం లేకుండా నిర్ణయం రాకపోతే పరిపాలన న్యాయస్థానంలో దావా వేసే హక్కు కూడా చట్టం ఇచ్చింది.

కార్యాలయానికి పిలిచిన రోజు అసలు కాగితాలు చూపాలి, వేలిముద్రలు, సంతకం ఇవ్వాలి. కొత్త అనుమతికి 100 యూరోలు, మూడు నెలలకు మించిన పొడిగింపుకు 93 యూరోలు, సాధారణ శాశ్వత నివాస అనుమతికి 113 యూరోలు రుసుము. మైనర్లకు అందులో సగం. ఆ తర్వాత కార్డు రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేతికొచ్చిన కార్డు మీద గడువుతో పాటు అనుమతి రకం, చట్టంలోని సెక్షన్, పనికి సంబంధించిన షరతులు ఉంటాయి. షరతులు ఎక్కువైతే విడిగా ఒక ఆకుపచ్చ కాగితం జతచేస్తారు. కార్డు ఎంత ముఖ్యమో ఆ కాగితమూ అంతే. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు, అంతకు మించితే అనుమతికే ముప్పు. పాస్‌పోర్టు, కార్డు రెండూ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు కాబట్టి అక్కడికి వేరే వీసా కావాలి.

కార్డు వచ్చాక కూడా కొన్ని బాధ్యతలు మిగిలే ఉంటాయి. ఉద్యోగం గడువుకు ముందే పోతే ఆ విషయం తెలిసిన రెండు వారాల్లో విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి. బ్లూ కార్డు మీద తొలి 12 నెలల్లో కంపెనీ మారితే ఆ సంగతీ తెలపాలి. సాధారణ అనుమతి ఉన్నవారు ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉంటే అనుమతి దానంతటదే రద్దవుతుంది, బ్లూ కార్డుకు ఆ గడువు 12 నెలలు. కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేస్తూ సొంతూళ్లో ఎక్కువ కాలం ఉండాలనుకునేవారు ఈ లెక్క మరవకూడదు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే కార్డు గడువూ అంతవరకే ఇస్తారు. అందుకే ముందు బెర్లిన్‌లోని రాయబార కార్యాలయంలో గానీ, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ కాన్సులేట్లలో గానీ పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని తర్వాత కార్డు పొడిగింపుకు వెళ్లడం మేలు.

శాశ్వత నివాసానికి దారులు వేర్వేరుగా ఉన్నాయి. బ్లూ కార్డుతో 27 నెలలు పనిచేసి ఏ1 (ప్రాథమిక) స్థాయి జర్మన్ వచ్చినవారు అర్హులు. బీ1 (మధ్యమ) స్థాయి వస్తే 21 నెలలకే. ఇతర నిపుణులకు మూడేళ్లు, జర్మనీలోనే చదివి ఉద్యోగంలో చేరినవారికి రెండేళ్లు, సాధారణ మార్గంలో ఐదేళ్లు. అన్నిటా పింఛను చందాలు కట్టిన రికార్డు కావాలి. భాష విషయంలో ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తోందని నిర్లక్ష్యం చేసినవారే చివరికి నెలలు నష్టపోతున్నారు. బీ1కు వారానికి కొన్ని గంటలు కేటాయించడం మొదటి ఏడాదే మొదలుపెడితే ఈ దశ సులువుగా గడుస్తుంది.

2024 జూన్ 27 నుంచి జర్మనీ ఐదేళ్ల నివాసానికే పౌరసత్వం ఇస్తోంది, పాత పౌరసత్వం వదులుకోమని అడగడం లేదు. భారత చట్టం మాత్రం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది, ఆ తర్వాత విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. భారత పాస్‌పోర్టు ఉంచుకోవాలనుకునేవారికి శాశ్వత నివాస అనుమతే ఆఖరి మెట్టు. దానితో జర్మనీలో కాలపరిమితి లేకుండా ఉండవచ్చు, ఏ ఉద్యోగమైనా వ్యాపారమైనా చేసుకోవచ్చు. ఓటు హక్కు మాత్రం ఉండదు.