స్లాబు లిఫ్టుకు బావి తాడు జాగ్రత్త

పల్లెలో స్లాబు పోసే రోజు ఇంటివారికి పండుగలాంటిది. తెల్లవారేసరికి మిల్లరు వచ్చి వీధిలో నిలబడుతుంది. మేస్త్రి గుమ్మడికాయ కొట్టించి, నిమ్మకాయలు కట్టించి పని మొదలుపెడతాడు. గాడిపొయ్యి మీద కూలీలకు వంట సాగుతూ ఉంటుంది. లోగడ అయితే ఇరవై ముప్పయిమంది ఆడా మగా నిచ్చెన మెట్లమీద బారులు తీరి, కాంక్రీటు తట్టలను చేతులు మార్చుకుంటూ పైకి అందించేవారు. సాయంత్రానికి మెడలు పట్టేసేవి, అరచేతులు సిమెంటుకు ఒరిసిపోయేవి.

ఈ మధ్య ఆ బారులు తగ్గిపోయాయి. పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు, డాబాల మీద మేడలు లేస్తున్నాయి. రెండో అంతస్తుకు తట్టలు అందించడానికి మనుషులు దొరకడం లేదు. ఆ పని కరెంటు మోటారు చేస్తున్నది. పై అంతస్తులో ఒక ఇనుప దూలం, దాని కొసన మోటారు, డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడు, తాడుకు కొక్కెం, కొక్కేనికి బకెట్టు. కొందరు దీన్ని లిఫ్టు మిషను అంటారు, కొందరు హాయిస్టు అంటారు. విప్పి ట్రాలీలో వేసుకుని ఊరూరా తిరుగుతూ అద్దెకిచ్చేవారు ఉన్నారు.

మిషను మంచిదే. అయితే పాత పద్ధతిలో చేయి జారితే ఒక తట్ట పడేది. ఇప్పుడు తాడు తెగితే, దూలం ఒరిగితే వందల కిలోల బరువు పడుతుంది. అది పడేది కింద బకెట్టు నింపే కూలీల మీద.

బాధ్యత ఎవరిది?

మిషను సొంతదారు అద్దెకిచ్చి మరో ఊరు వెళ్ళిపోతాడు. మేస్త్రి మిషను తనది కాదంటాడు. ఇంటి యజమాని తనకేమీ తెలియదంటాడు. పట్నంలో పెద్ద కట్టడాల దగ్గర ఇంజనీరు ఉంటాడు. పల్లెలో సొంత ఇల్లు కట్టుకునే చోట సాధారణంగా ఎవరూ ఉండరు.

చట్టం కూడా అక్కడిదాకా రాలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు 1996లో చట్టం చేసింది. అది పదిమంది, అంతకు పైబడి కార్మికులున్న పనులకు వర్తించేది. 10 లక్షల రూపాయలు మించని ఖర్చుతో కట్టుకునే సొంత ఇంటికి మినహాయింపు ఇచ్చారు. ఆ చట్టంలోని అంశాలను కలిపి 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌లో ఈ పరిమితిని 50 లక్షలకు పెంచారు. అంటే పల్లెల్లో సొంత ఇళ్ళు చాలావరకు ఆ లెక్కకు బయటే ఉంటాయి. తనిఖీకి అధికారి వస్తాడని చూసి లాభం లేదు. ఇంటి యజమాని, మేస్త్రి, మిషను నడిపే మనిషి ఈ ముగ్గురూ స్లాబు రోజు ఉదయం ఒక అరగంట కేటాయించి, మిషనును తామే పరీక్ష చేసుకోవాలి.

రేకు మీది రెండు అంకెలు

మొదట చూడవలసింది మోటారు మీద బిగించిన చిన్న రేకును. అది ఎంత బరువు లేపగలదో దానిమీద రాసి ఉంటుంది. చిన్న మిషన్ల మీద ఒక్కోసారి 200/400 అని రెండు అంకెలు ఉంటాయి. చాలామంది పెద్ద అంకెను పట్టుకుని 400 కిలోలు లేపవచ్చుననుకుంటారు. ఇది ప్రమాదం. తాడు ఒంటి వరుసలో వేలాడితే 200 కిలోలే లేపాలి. మిషనుతో వచ్చిన కప్పీని తగిలించి, తాడును రెండు వరుసలు చేసినప్పుడే 400 లెక్క. అప్పుడు లేచే వేగం సగమవుతుంది, అందే ఎత్తూ సగమవుతుంది.

ఇక కాంక్రీటు బరువు. గట్టిగా కూరిన కాంక్రీటు ఒక ఘనపు మీటరు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. ఒక లీటరుకు దాదాపు రెండున్నర కిలోలన్నమాట. ఒక బస్తా సిమెంటుకు ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర, నీళ్ళు కలిపితే మొత్తం 300 కిలోలు దాటుతుంది. 200 కిలోల మిషనుతో ఆ మాలును రెండు విడతలుగా ఎత్తాలి. బకెట్టు బరువును కూడా ఆ 200లోనే కలుపుకోవాలి. తొందరలో ఒకే విడతగా నింపితే మోటారు లేపినా లేపవచ్చు. కాని బ్రేకు, తాడు, దూలం ఏదో ఒకటి ఆ రోజో మర్నాడో మోసం చేస్తుంది.

ఏతం లెక్క

దూలం నిలబడే తీరు పాతకాలపు ఏతాన్ని చూసినవారికి తేలికగా అర్థమవుతుంది. ఏతానికి ముందువైపు బాన, వెనుకవైపు ఎదురు బరువు. లిఫ్టు దూలానికీ అంతే. ముందువైపు మిషను, బకెట్టు, సరుకు కలిపి 200 కిలోలు ఉండి, గోడ అంచుకు మూడడుగుల బయట వేలాడుతున్నాయనుకుందాం. వెనుక ఆరడుగుల దూరంలో 100 కిలోలు పెడితే రెండూ సరితూగుతాయి. కాని సరితూగితే చాలదు. మోటారు ఎత్తుకునేటప్పుడు కుదుపు ఉంటుంది, బకెట్టు ఊగుతుంది. అందుచేత కనీసం దానికి మూడింతలు, అంటే 300 కిలోలు వెనుక ఉండాలి. తయారీదారు అంతకన్నా ఎక్కువ చెప్పి ఉంటే ఆ మాటే వినాలి.

ఇసుక మూటలు పెడితే కారిపోకుండా మూతులు కుట్టి, దూలానికి తాడుతో కట్టాలి. సాయంత్రం ఇసుక తక్కువైందని ఎవరో ఒక మూట విప్పి వాడేస్తే ముందువైపు బరువు గెలుస్తుంది. ఆ మూటలను ముట్టరాదని మేస్త్రి అందరి ఎదుట చెప్పాలి. దూలాన్ని కొత్తగా కట్టిన పిట్టగోడ మీద ఆనించరాదు. సెంట్రింగు కర్రలకు కట్టరాదు. అవి స్లాబును మోయడానికే పెట్టినవి.

తాడును చూసే చూపు

బావిలో చేద వేసేముందు మన ఇళ్ళలో తాడును చూసేవారు. పీచు లేస్తే ముడి వేసేవారు, మరీ నలిగితే మార్చేవారు. చేద పడితే పోయేది చేదే. అయినా చూసేవారు. ఆ చూపే ఇక్కడా కావాలి.

ఇనుప తాడులో సాధారణంగా ఆరు పేటలు ఉంటాయి. పేటకు 19 తీగల చొప్పున ఉంటే మొత్తం 114 తీగలు. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో కనిపించే తెగిన తీగలు మొత్తంలో పదోవంతు దాటితే ఆ తాడును వాడకూడదని నిబంధన. 8 మిల్లీమీటర్ల తాడయితే రెండున్నర అంగుళాల మేర చూసుకోవాలి. ఆ మేరలో 11 తీగలు దాటి తెగితే తాడు పనికిరాదు. మెలిక పడినా, చదునైనా, పేటలు విడి బుట్టలా ఉబ్బినా, తుప్పు లోపలికి తిన్నా లెక్కపెట్టే పని లేదు, మార్చివేయవలసిందే. తాడును ఒట్టి చేత్తో తడమరాదు, తీగలు గుచ్చుకుంటాయి. కరెంటు తీసివేసి గుడ్డతో పట్టి చూడాలి. గుడ్డ పీచు చిక్కుకున్న చోట తీగ తెగినట్లు.

తాడు కొసను వెనక్కు మడిచి క్లిప్పులు బిగించిన చోట కనీసం మూడు క్లిప్పులు ఉండాలి. క్లిప్పు వంపు కడ్డీ పొట్టి కొస మీదికి, దిమ్మ భాగం బరువు మోసే తాడు మీదికి రావాలి. అటుదిటయితే బరువు మోసే తాడే నలుగుతుంది. కొక్కేనికి మూతపడే నాలుక ఉండాలి. అది విరిగిందని తీగ చుట్టి సరిపెట్టరాదు. బకెట్టు నేలకు దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద రెండు మూడు చుట్లు మిగలాలి. చివరి చుట్టూ విడిపోతే బరువంతా తాడు కొసను పట్టిన ఒక్క బోల్టు మీద పడుతుంది.

కరెంటుతో చెలగాటం

స్లాబు రోజున అంతా తడి. నేల తడి, చేతులు తడి. కరెంటుకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. వీధి తీగలకు కొక్కేలు తగిలించి మోటారు నడపడం నేరం, పైగా ప్రాణాపాయం. కరెంటు ఆఫీసులో తాత్కాలిక కనెక్షను తీసుకోవాలి. మోటారుకు ఎర్తు ఉండి తీరాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించాలి. మామూలు ఫ్యూజు తీగను, మోటారును కాపాడుతుందేగాని మనిషిని కాపాడదు. మనిషి ఒంట్లోకి కరెంటు పారినప్పుడు రెప్పపాటులో ఆపేది లీకేజి బ్రేకరు.

సన్నని వైరును వంద అడుగులు లాగితే మోటారు దాకా వోల్టేజి రాదు. మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. వైరును అతుకులు లేకుండా, తొక్కుడుపడని చోట ఎత్తుగా లాగాలి. త్రీఫేజు మోటారయితే మరో చిక్కు ఉన్నది. ఫేజులు తారుమారైతే పైకి అన్న మీట నొక్కితే కిందికి వస్తుంది. అప్పుడు పైన బకెట్టును ఆపవలసిన లిమిట్ స్విచ్చి ఆపకపోవచ్చు. కనెక్షను ఇచ్చిన ప్రతిసారీ ఖాళీ బకెట్టుతో చూసుకోవాలి.

ఇంటి పక్కగా 11 కె.వి. లైను పోతుంటే మరీ జాగ్రత్త. కట్టడానికి, ఆ తీగకు పక్కవైపున కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్ల ఎడం ఉండాలన్నది నిబంధన. అది కదలని గోడకు చెప్పిన లెక్క. ఊగే తాడుకు, ఎత్తే ఇనుప ఊచలకు అది చాలదు. అనుమానముంటే మిషనును ఇంటికి అవతలి వైపు పెట్టాలి, లేదా కరెంటు ఆఫీసులో చెప్పి లైను ఆపించుకోవాలి. ఫిర్యాదులకు 1912 నంబరు ఉన్నది.

పని నడిచే వేళ

మొదటి బకెట్టును నింపి అడుగు ఎత్తున ఆపాలి. రెండు నిమిషాలు అలాగే ఉంచి, జారుతున్నదేమో చూడాలి. జారితే బ్రేకు పనికిరాదు, ఆ రోజు పని ఆపవలసిందే. తర్వాత దూలం, ఎదురు బరువు కదిలాయేమో చూడాలి.

కింద బకెట్టు దిగే చోటు చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాలి. నింపేవారు బకెట్టు నేలను తాకిన తర్వాతే లోపలికి రావాలి. నింపి బయటికి వచ్చిన తర్వాతే మీట నొక్కాలి. ఆ కొద్ది క్షణాలు ఆలస్యమని ఎవరూ అనరాదు. ప్రాణాన్ని నిలబెట్టేవి ఆ క్షణాలే. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వరాదు. నడిపేవారికి సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి. ఆపమని ఎవరు అరిచినా మాత్రం ఆపాలి.

మీట దగ్గర ఉండే మనిషి కండువా తీసివేయాలి. స్త్రీలు కొంగు బిగించుకోవాలి. పైన బకెట్టు అందుకునేవారు అంచున వంగుతారు కాబట్టి అడ్డకర్ర కట్టాలి, నడుముకు బెల్టు ఉండాలి. నింపేవారికి హెల్మెట్లు ఇవ్వాలి. ఎంత సరదాకైనా, ఎంత తొందరకైనా బకెట్టులో మనిషి ఎక్కరాదు.

నడుమ కరెంటు పోతే బ్రేకు దానంతటదే పట్టుకుంటుంది. కరెంటు ఉన్నప్పుడు బ్రేకు విడుతుంది, లేనప్పుడు స్ప్రింగు బిగిస్తుంది. అయినా వేలాడే బకెట్టు కిందికి ఎవరూ పోరాదు. మెయిన్ స్విచ్చి తీసి ఉంచాలి. లేకుంటే కరెంటు రాగానే మిషను కదిలే ప్రమాదం ఉన్నది. ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ తీయాలి. వీలుకాకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి. ఇది ఇంటి కరెంటుకే. పెద్ద లైను తగిలితే అది ఆపేదాకా దగ్గరికే పోరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. శ్వాస ఆగితే రొమ్ము మధ్య గట్టిగా, త్వరత్వరగా నొక్కుతూనే ఉండాలి.

సాయంత్రం పది నిమిషాలు

పని అయిన తర్వాత కరెంటు తీసి, బకెట్టు, కొక్కెం మీది కాంక్రీటు కడగాలి. మోటారు మీద నీళ్ళు పోయరాదు, గుడ్డతో తుడవాలి. తాడు మీద సిమెంటు గట్టిపడితే తీగలు ఒరిసిపోతాయి, కాబట్టి దాన్ని దులిపి పలచగా గ్రీజు రాయాలి. బ్రేకుకు మాత్రం చుక్క గ్రీజు తగలరాదు. తాడును డ్రమ్ము మీద పక్కపక్కన చుట్టాలి. మోటారు మీద పట్టా కప్పాలి. గేరు పెట్టెలో ఆయిలు, బ్రేకు అరుగుదల, బోల్టుల బిగువు నెలకొకసారి మెకానిక్కు చూడాలి. తాడు మార్చిన తేదీని సొంతదారు పుస్తకంలో రాసుకోవాలి. అద్దెకు తెచ్చుకునేవారు ఆ పుస్తకం అడగడం నేర్చుకుంటే, చూపించలేని మిషన్లు వాటంతటవే మూలపడతాయి.

స్లాబు ఒక గంట ఆలస్యంగా మొదలైతే ఇంటికి వచ్చే నష్టం లేదు. బకెట్టు నింపడానికి వచ్చిన కూలి సాయంత్రం డబ్బులు కొంగున కట్టుకుని తన ఇంటికి నడిచి వెళ్ళాలి. కొత్త ఇంటికి అదే మంచి శకునం.