మాటకు వంతు

బోధను ప్రాంతపు రైతుసభలలో నన్ను మిక్కిలి కలతపెట్టునది వేదికమీది వారి వాగ్విస్తారము. పెద్దలు ఒకరి వెనుక నొకరు లేచి, ఆసీనులైన ప్రముఖుల పేర్లు పదవులతో సహా స్మరించి, ముందటి వక్త చెప్పిన దానినే మరల విస్తరించి కూర్చుండునప్పటికి పొద్దు నడినెత్తి దాటును. 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారమును గూర్చి ‘ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తరు సారూ’ అని ఒక్క మాట అడుగుటకై తెల్లవారుజామున ఇల్లు విడిచి వచ్చిన రైతుచేతికి మైకు అందునంతలో ‘టైం లేదు పటేలా, జల్ది చెప్పు’ అను హెచ్చరిక వినవచ్చును. దీనిని సభానిర్వహణలోని చిన్న లోపముగా నేను భావింపజాలను. ఒకరు గంటసేపు మాటాడిరనగా, మరి పదిమంది నోరు మెదపక ఇంటికి మరలిరన్న మాట.

వంతు అనగా నేమో ఈ సీమవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు కట్టడముతో మంజీర నీరు కాలువలకెక్కినది మొదలు, ఎగువ తూముకడ రైతు తన పొలము తడిసిన పిమ్మటను తలుపు దింపకున్నచో చివరి ఆయకట్టు బీడువడునని తరతరముల అనుభవము వీరికి నేర్పినది. నీటియెడ పాటించు ఆ న్యాయమును మాటయెడను పాటింపుమనుట అత్యాశ గాదు.

సభలో ఒకని నోరు నొక్కుట ఎంతదూరము పోగలదో తెలంగాణము నూరేండ్ల క్రిందటనే చూచినది. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కార్వే అధ్యక్షతన జరుగుచున్న సంఘసంస్కార సభలో, ఇతర భాషల ఉపన్యాసములను నెమ్మదిగా ఆలకించిన సభికులు, ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ నారంభింపగనే గేలిచేసి అల్లరి సలిపిరి. అవమానితులైన తెలుగువారు ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట గుమిగూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. అదియే కాలక్రమమున ఆంధ్రమహాసభయై, 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో ఆరవసారి సమావేశమైనది. సభ జరుపుటకే సర్కారు అనుమతి వేడవలసిన 53వ గస్తీ నిషాను కాలమది. అంత కష్టపడి సంపాదించిన వేదికను ఈనాడు సన్మానపు పలుకులతో నింపుట నాకు బాధాకరము.

చెప్పుకొనుటకు చోటు దొరకని రైతు మరియొక దారి వెదకును. 2019 ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికలలో పసుపు బోర్డును, పసుపు ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధరను కోరుచు 178 మంది రైతులు నిజామాబాదు బరిలో నిలువగా, అభ్యర్థులు మొత్తము 185 మంది అయిరి. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటుయంత్రములను అమర్పవలసి వచ్చెను. అందరు చెప్పినదియు ఒక్కటే మాట. అది ఢిల్లీదాక వినబడెను. 2025 జనవరిలో బోర్డు నిజామాబాదునకే వచ్చెను.

2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామసభ రెండు నెలల కొకమారైనను జరుగవలెను. అచ్చట మైకు మొదట క్రింద కూర్చున్నవారికి, అందునను ఆడవారికి, అందవలెనని, సర్పంచియు అధికారులును పిమ్మట అడిగినంత మట్టుకే బదులు చెప్పవలెనని, కార్యదర్శి తీర్మానపుస్తకమున ‘చర్చించడమైనది’ అను ముక్కతో సరిపెట్టక అడిగినవారి ప్రశ్నను వారి మాటలలోనే వ్రాయవలెనని నా కోరిక. బోధను మండలములోని ఏ గ్రామమైనను రాబోవు సభలోనే దీనిని ఆరంభింపవచ్చును. ఇందుకు ఏ జీవోయు అక్కరలేదు.