ఎత్తుకోకండి... చూసి వెళ్లండి!

*జబ్బు నయం చేయించుకుందామని ఆస్పత్రికి తీసుకెళ్లిన పసిబిడ్డకు అక్కడే కొత్త జబ్బు అంటుకుంటే? దాన్ని తెచ్చేది మన చేతులే అయితే?*

పల్నాడులో రాతి శిల్పాలకు పేరున్న ఊరు దుర్గి. అక్కడైనా, మరే పల్లెలోనైనా, బిడ్డ పుట్టిందన్నా, బిడ్డను ఆస్పత్రిలో చేర్చారన్నా బంధువులు ఆగరు. మాచర్లో, నరసరావుపేటో, గుంటూరో... ఆటో కట్టించుకుని మరీ వెళ్తారు. అమ్మమ్మ చేతుల్లోంచి మేనత్త చేతుల్లోకి, అక్కణ్నుంచి పెద్దమ్మ ఒళ్లోకి. బుగ్గ మీద ముద్దు పెట్టందే ఎవరికీ తృప్తి ఉండదు. ఆ ప్రేమతోపాటు ఒక్కోసారి ఓ వైరస్‌ కూడా చేతులు మారుతుంది.

దాని పేరు రెస్పిరేటరీ సిన్సీషియల్‌ వైరస్‌. పొట్టిగా ఆర్‌ఎస్‌వీ. పెద్దల్లో చాలామందికి సోకితే మామూలు జలుబులా వచ్చి పోతుంది. నెలల బిడ్డకు సోకితే మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు వాచి కఫంతో పూడుకుపోతాయి. 2019లో ప్రపంచవ్యాప్తంగా అయిదేళ్లలోపు పిల్లలు దాదాపు లక్షమంది దీనివల్ల చనిపోయారని నిపుణుల అంచనా. అందులో నూటికి 97 మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనే.

వార్డులోనే అంటుకుంది

ఈ వైరస్‌ ఆస్పత్రుల్లో ఎలా పాకుతుందో అమెరికాలోని రోచెస్టర్‌లో డాక్టర్‌ కరోలిన్‌ హాల్‌ బృందం తేల్చింది. వేరే జబ్బులతో చేరిన 44 మంది పసివాళ్లను గమనిస్తే 14 మందికి వార్డులోనే ఆర్‌ఎస్‌వీ సోకింది. 24 మంది సిబ్బందిలో 10 మందికీ అంటుకుంది. 1975లో వెలువడిన ఈ ఫలితాలు వైద్యుల్ని ఉలిక్కిపడేలా చేశాయి.

1981లో అదే బృందం మరో పరీక్ష ఫలితాలు ప్రకటించింది. వైరస్‌ సోకిన బిడ్డల్ని ఎత్తుకుని ఆడించిన ఏడుగురిలో అయిదుగురికి అది సోకింది. బిడ్డను తాకకుండా, బిడ్డ వాడిన చోట్లను ముట్టుకుని తమ కళ్లూ ముక్కూ రుద్దుకున్న పదిమందిలో నలుగురికి వచ్చింది. ఆరడుగులకు పైగా ఎడంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ రాలేదు! బల్లల్లాంటి గట్టి వస్తువుల మీద ఈ వైరస్‌ కొన్ని గంటలపాటు బతికి ఉంటుంది మరి.

ఏం చేయాలి?

* బిడ్డను తాకేముందు తల్లి సహా ఎవరైనా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
* జలుబు, దగ్గు ఉన్నవాళ్లు వార్డుకు వెళ్లకపోవడమే మేలు. తల్లికే జలుబుంటే మాస్కు కట్టుకుని పాలివ్వొచ్చు. పాలు మాత్రం మాన్పించకూడదు.
* ‘సిస్టర్‌, చేతులు కడుక్కున్నారా?’ అని అడగడం తప్పు కాదు. అడిగేందుకు మొహమాటపడొద్దు.
* వైరస్‌ సోకాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు రోజులకు లక్షణాలు కనిపిస్తాయి. విరేచనాలతో చేరి ఇంటికొచ్చిన బిడ్డకు దగ్గు మొదలైతే, ఆస్పత్రిలో ఉన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదవులు నీలంగా మారినా, మధ్యమధ్యలో ఊపిరి ఆగుతున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్‌ చేయాలి. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపైన ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా ప్రమాదమే. యాంటీబయాటిక్స్‌ ఈ వైరస్‌ను చంపలేవు. అవసరమైతే ఆక్సిజన్‌, సరిపడా పాలు లేదా ద్రవాలు... చికిత్సలో ముఖ్యమైనవి ఇవే.

గర్భిణికి వేసే టీకా, బిడ్డకు ఇచ్చే రక్షణ ఇంజెక్షన్‌ 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. మనదగ్గర ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో అవి లేవు. కాబట్టి మనకు అందుబాటులో ఉన్న మందు సబ్బే.

బిడ్డను దూరం నుంచి దీవించినంత మాత్రాన మేనత్త ప్రేమేమీ తరిగిపోదు. ఎత్తుకుని ఆడించడానికి ముందుముందు బోలెడు రోజులున్నాయి!