రెండు నిమిషాల విమానయానం

స్కాట్లండుకు ఉత్తరాన, అట్లాంటిక్ మహాసముద్రపు అంచున ఆర్క్‌నీ అనే ద్వీపసముదాయం ఉంది. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనేవి రెండు చిన్న దీవులు. 2011 జనాభా లెక్కల ప్రకారం మొదటిదానిలో 588 మంది, రెండవదానిలో కేవలం 90 మంది నివసించారు. అయినా రెండింటిలోను విమానాశ్రయాలున్నాయి! వాటి మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. హైదరాబాదు సమీపంలోని శంషాబాద్ విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవే 4.26 కిలోమీటర్లు. అనగా ఆ ప్రయాణమంతా ఈ ఒక్క రన్‌వేలో ఇమిడిపోతుంది.

1967లో లోగన్ఎయిర్ సంస్థ ప్రారంభించిన ఈ సర్వీసు, నిర్ణీత వేళలలో నడిచే విమాన సర్వీసులలో ప్రపంచంలోకెల్లా అతి చిన్నదిగా ప్రసిద్ధి పొందింది. వేళల పట్టికలో దీనికి కేటాయించిన కాలం రెండు నిమిషాలు. స్టువర్ట్ లింక్లేటర్ అనే పైలట్ ఒకసారి 53 సెకన్లలోనే ఈ దూరాన్ని దాటాడు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఈ మార్గంలో తిరిగే ఐలాండర్ అనే చిన్న విమానం గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. ఆ లెక్కన 2.7 కిలోమీటర్లకు నలభై సెకన్లు చాలు. మరి రెండు నిమిషాలెందుకు? విమానం సాధారణంగా గాలికి ఎదురుగా పైకి లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. గాలి వాటం అనుకూలించకపోతే చుట్టు తిరిగి రన్‌వేకు అభిముఖం కావాలి. పైగా పూర్తి వేగం అందుకొనేలోపే దిగే సమయం ఆసన్నమవుతుంది. సుదీర్ఘ ప్రయాణాలలో ఈ జాప్యం లెక్కకు రాదు. ఇక్కడ ప్రయాణమంతా అదే. శంషాబాద్ నుండి గన్నవరానికి ఆకాశమార్గాన దాదాపు 265 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ విమానానికి అరగంట చాలాలి. కాని వేళల పట్టికలో దాదాపు గంట కనబడుతుంది. నేలమీద రన్‌వే వరకు సాగే నడక, ఎక్కడం, దిగడం అన్నీ అందులో చేరినవే.

ఇంత చిన్న దూరానికి విమానం విలాసమేమో అనిపించవచ్చు. ఆ దీవులవారికి మాత్రం అది నిత్యావసరం. రెండు దీవుల నడుమ పడవ కూడా ఉంది. దానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. అయితే శీతకాలపు ఈదురుగాలులకు అక్కడి సముద్రం తరచు అల్లకల్లోలమవుతుంది. దీవి నుండి దీవికి తిరిగి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, ముఖ్యపట్టణమైన కిర్క్‌వాల్‌కు పోవలసిన రోగులు ఈ విమానాన్నే ఆశ్రయిస్తారు. అందుకే ప్రభుత్వ ధనసహాయంతో దీనిని నడుపుతున్నారు. పైలటుతో కలిపి పదిమందికి మించి పట్టని ఆ విమానంలో, ఒక్కొక్కప్పుడు పైలట్ పక్క సీటు సైతం ప్రయాణికునికే దక్కుతుంది. దట్టమైన పొగమంచు కమ్మిన రోజున విమానం లేవదు. సముద్రం కూడా పోటెత్తితే పడవా కదలదు. అప్పుడు ఎదుటనే కనబడే దీవి కోసం గంటల తరబడి నిరీక్షించవలసిందే.